జున్నుపాల పొడిని మందులా అమ్మనివ్వొద్దు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు అరవై ఎనిమిదేళ్ళు. షుగరు ఉంది. ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చేసరికి, ఎవరో చెప్పారని పెన్షన్ డబ్బులతో జున్నుపాల పొడి కొనుక్కుంది. రోజూ పరగడుపున రెండు చెంచాలు గోరువెచ్చటి నీళ్ళలో కలుపుకుని తాగేది. పొడి వేసుకుంటున్నాను కదా, అదే తగ్గుతుందనుకుని, మంట మొదలైనా వారం రోజులు మాకు చెప్పలేదు. చలిజ్వరంతో వణుకుతుంటే ఆసుపత్రిలో చేర్చాం. ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిందన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చి డబ్బా తిప్పి చూశాను. ముందువైపు ‘ఇమ్యూనిటీ’ అని వేలెడు అక్షరాలు. వెనక, ఔషధంగా వాడేందుకు కాదని ఒక ముక్క.

దూడను కాపాడే పాలు మనల్నీ కాపాడతాయని అమ్మినాయన చెప్పాడట. పాడి ఉన్న ఇళ్ళలో దూడ పుట్టిన గంటలోపే జున్నుపాలు పట్టించాలని తొందరపడతారు. తల్లి కడుపులో ఉండగా దానికి యాంటీబాడీలు, అంటే రోగాలతో పోరాడే ప్రొటీన్లు, అందవు. మొదటి రోజు మాత్రమే దాని పేగు వాటిని ఉన్నవున్నట్టు పీల్చుకోగలదు. మన పొట్టలో అవి మిగతా ప్రొటీన్లలాగే చాలావరకు అరిగిపోతాయి. రక్తంలో కలిసి మూత్రాశయందాకా వెళ్ళి పోరాడేంతగా మిగలవు.

పాలలో ఉండే లాక్టోఫెరిన్ అనే ప్రొటీన్‌ని కూడా ఇలాగే పొగుడుతున్నారు. ఎలుకల్లో దానితో మంచి ఫలితమే కనిపించింది. కానీ బ్రిటన్‌లో నెలలు నిండకుండా పుట్టిన 2,203 మంది పిల్లలతో పరీక్ష జరిగింది. ఆవుపాల లాక్టోఫెరిన్ ఇచ్చినా ఇన్ఫెక్షన్లు తగ్గలేదని 2019లో తేల్చారు. అది మూత్ర ఇన్ఫెక్షన్ల కోసమే చేసింది కాదు, నిజమే. అయినా, ఎలుకలో పనిచేసిందని మనిషికి అమ్మేయకూడదని చెప్పడానికి ఆ ఒక్కటి చాలు. పెద్దవాళ్ళకు మూత్ర ఇన్ఫెక్షన్ రాకుండా ఈ పొడులు ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదు.

రుజువున్న సంగతులు మాత్రం అమ్మకు ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తక్కువ తాగే 140 మంది స్త్రీల్లో సగం మంది రోజుకు మరో లీటరున్నర తాగితే, మిగతావాళ్ళతో పోలిస్తే వాళ్ళకు ఏడాదిలో ఇన్ఫెక్షన్లు దాదాపు సగమే వచ్చాయని 2018లో తేలింది. ఆ స్త్రీలంతా అమ్మకంటే చిన్నవాళ్ళు. ముట్లుడిగిన వాళ్ళకు యోనిలో రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము పనిచేస్తుందని 1993 నుంచీ తెలుసు. అమ్మకు అది ఈసారి డిశ్చార్జి చీటీలో రాశారు.

ఆహార భద్రతా అధికారులు డబ్బా మీది అచ్చుతో పాటు దుకాణంలో నోటితో చెప్పే మాటలనూ తనిఖీ చేయాలి. ఇన్ఫెక్షన్ రాదని చెప్పి ఈ పొడి అంటగట్టేవాళ్ళ మీద కేసు పెట్టాలి. మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఆ క్రీము గురించి ఒక స్త్రీ వైద్య నిపుణురాలి చేత వివరంగా రాయించమని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, తెనాలి