మా బాబుకు రక్తమిచ్చిన మీ అందరికీ

బి నెగెటివ్ కావాలని నేను పెట్టిన మెసేజ్ చూసి కదిలిన ప్రతి ఒక్కరికీ మా ఇంటిల్లిపాది తరఫున నమస్కారాలు. బాబుకు రక్తం ఎక్కింది. హిమోగ్లోబిన్ 7 నుంచి పది దాటింది. నిన్న మేడ మెట్లు తనంతట తనే ఎక్కాడు.

ఎండాకాలం కాలేజీలకు సెలవులు, రక్తదాన శిబిరాలు తక్కువ. నెగెటివ్ గ్రూపు మామూలు రోజుల్లోనే దొరకదు. ఫోన్ చేసిన ప్రతి బ్లడ్ బ్యాంకూ లేదంటుంటే పడ్డ టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. నైట్ డ్యూటీ దిగి నిద్రపోయి మరీ వచ్చిన తమ్ముడు, ఆటో కిరాయిలు వదులుకున్న అన్నయ్య, "నాది ఓ నెగెటివ్, పనికొస్తుందా ఆంటీ" అని అడిగి వచ్చిన డిగ్రీ అమ్మాయి... మీ మేలు ఈ జన్మకు మరిచిపోను. హిమోగ్లోబిన్ పన్నెండున్నర లేదని వెనక్కి పంపితే కళ్లనీళ్లు పెట్టుకున్న చెల్లెమ్మా, నువ్వు వచ్చావు, మాకు అదే చాలు. ముందు నీ ఒళ్లు చూపించుకో.

మీలో ఒకరు వెళ్తూ వెళ్తూ, "మళ్లీ నెలలోపే ఎక్కించాలా అక్కా? మేమిచ్చింది ఏమవుతుంది?" అని అడిగారు. అప్పుడు తీరిక లేదు, ఇప్పుడు చెబుతాను.

బాబుది తలసీమియా మేజర్, అమ్మానాన్నల నుంచి పుట్టుకతో వచ్చే రక్త జబ్బు. హిమోగ్లోబిన్ అంటే ఎర్ర కణాల్లో ఆక్సిజన్ మోసే ప్రొటీన్. అందులో ఆల్ఫా గొలుసులకు జతగా ఉండాల్సిన బీటా గొలుసులు వాడి ఒంట్లో సరిగా తయారు కావు. జత దొరకని ఆల్ఫా గొలుసులు పేరుకుని, ఎర్ర కణాలు చాలావరకు ఎముక మూలుగలోనే చచ్చిపోతాయి. మీరిచ్చిన రక్తంలోంచి ప్లాస్మా వేరు చేసి, ఎర్ర కణాలే వాడికి ఎక్కించారు. ఒక్కో కణంలో పాతిక కోట్లకు పైగా హిమోగ్లోబిన్ అణువులుంటాయి. అవి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకుని, అవసరమైన చోట వదులుతాయి. కష్టపడే కండరం దగ్గర వేడి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కాబట్టి అక్కడ ఇంకాస్త ఎక్కువగా వదులుతాయి. మెట్లెక్కే పిల్లాడి కాళ్లకు అందింది అదే.

ఆ ఎర్ర కణానికి కేంద్రకం ఉండదు, ఆక్సిజన్‌తో శక్తి తయారు చేసే మైటోకాండ్రియా ఉండవు. ఊరంతటికీ నీళ్లు మోసే మనిషి తను గుక్కెడైనా తాగనట్టు, మోసే ఆక్సిజన్‌లో తను కొంచెం కూడా వాడుకోదు. గ్లూకోజుతోనే సరిపెట్టుకుంటుంది. డాక్టరుగారు ఈ సంగతి చెప్పిన రోజు నాకు నోట మాట రాలేదు. ఆ కణం తనకన్నా సన్నని రక్తనాళాల్లో మడతపడి దూరి దూరి అరిగిపోతుంది. కేంద్రకం లేదు కాబట్టి కొత్త ప్రొటీన్లు తయారు చేసుకుని బాగుపడే వీల్లేదు. ఆయుష్షు 120 రోజులు. అయితే మీ రక్తంలో నిన్న పుట్టిన కణాలూ, రేపు పోవాల్సిన కణాలూ కలిసే ఉంటాయి. అందుకే ఎక్కించిన మర్నాటి నుంచే తరుగుదల మొదలవుతుంది. మూడు నాలుగు వారాలకల్లా మళ్లీ కావాలి.

ముసలి కణాలను ప్లీహం, కాలేయం విడగొట్టాక ఐరన్ మిగులుతుంది. ఒక్కో సంచిలో 200 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. గుండెలో, కాలేయంలో చేరకుండా వాడు రోజూ మాత్ర వేసుకుంటాడు. ఆ మాత్ర విషయం నేను చూసుకుంటాను. రక్తం మాత్రం మీరే ఇవ్వాలి.

మీ ఒంట్లో పోయింది మీ మూలుగ నింపేస్తుంది, కంగారు పడకండి. కిడ్నీలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ పంపి దాన్ని తొందరపెడతాయి. మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగి మళ్లీ ఇవ్వొచ్చు. అప్పటిదాకా ఎవరినీ అడగను.

మీలో పెళ్లికాని వాళ్లు హెచ్‌బీ ఏ2 పరీక్ష ఒక్కసారి చేయించుకోండి. మీరు తలసీమియా క్యారియరా, అంటే జబ్బు లేకపోయినా దాని లోపాన్ని పిల్లలకు ఇవ్వగల వాళ్లా అన్నది ఆ రక్తపరీక్షలో తెలుస్తుంది. ఆలుమగలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. మా ఇద్దరికీ ఒంట్లో ఏ నలతా ఉండేది కాదు, మాకు ముందు ఎవరూ చెప్పలేదు. ఏ ల్యాబుకు వెళ్లాలో తెలియకపోతే నాకు ఫోన్ చేయండి, తోడు వస్తాను.