చారలు పడ్డ డాలీ ప్రింట్ గురించి ఏడో ఉత్తరం

కస్టమర్ కేర్ విభాగాధికారి గారికి,

విషయం: చిత్రకారుడు సాల్వడార్ డాలీ పెయింటింగ్ ‘ది పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ’కి మీరు వేసిచ్చిన ప్రింట్‌లో చారలు, ఏడు వారాలుగా పట్టించుకోకపోవడం.

అయ్యా,

మీకు ఇది నా ఏడో ఉత్తరం. ముందు రాసిన ఆరింటికీ ఒకటే జవాబు వచ్చింది: ‘మీ సమస్య మాకు ముఖ్యం, 48 గంటల్లో సంప్రదిస్తాం.’ ప్రింట్ చెడిపోయినందుకు నాకు ఇంత కోపం లేదు. మెషీన్ అన్నాక ఎప్పుడో ఒకసారి తప్పు పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా వినే మనిషి లేకపోవడమే నాకు మింగుడుపడటం లేదు.

తప్పేమిటో మొదటి ఉత్తరంలోనే స్పష్టంగా రాశాను. ఆకాశంలో నీలం మెల్లగా పసుపులోకి దిగే చోట సన్నటి తెల్ల చారలున్నాయి. అన్నీ నిలువుగా, సమాన దూరంలో, 60 సెం.మీ. వైపుకి సమాంతరంగా ఉన్నాయి. 60 × 82 సెం.మీ. ప్రింట్‌ను 24 అంగుళాల కాగితం రోల్ మీద తీస్తే, సిరా చల్లే ప్రింటర్ హెడ్ అటూ ఇటూ కదిలేది సరిగ్గా ఆ దిశలోనే. హెడ్‌లో సిరా వచ్చే సన్నటి రంధ్రం, అంటే నాజిల్, మూసుకుపోతే పడే చారలు ఇవి. కింద ముదురు గోధుమరంగు నేలలో కనపడవు కాబట్టి ప్యాక్ చేసినవాళ్లు గమనించి ఉండరు. లేత రంగుల్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ప్రింట్ వేసే ముందు ఒక్క నాజిల్ చెక్ (రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో చూసే పరీక్ష ప్రింట్) తీసుంటే అక్కడే తెలిసిపోయేది.

ఇక మీ వాళ్ల సంగతి. మొదటి టికెట్‌ను ఎవరూ మాట్లాడకుండానే మూడో రోజున ‘పరిష్కరించబడింది’ అని మూసేశారు. ఫోన్ చేస్తే ఒకావిడ ‘ఫ్రేమ్ ఎక్కడ విరిగింది?’ అని అడిగారు. నేను తీసుకున్నది ఫ్రేమ్ లేని ప్రింట్, ఆ మాట ఆర్డర్‌లోనే ఉంది. చాట్‌లోకి వచ్చిన అతను మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించి చూడమన్నాడు. గోడ మీద పెట్టుకునే కాగితానికి మానిటర్‌తో ఏం పని? తర్వాతి మనిషి పగటి వెలుతురులో ఫోటో అడిగారు, పంపాను. ఇంకొకరు స్కేలు పక్కన పెట్టి తీయమన్నారు, తీసి పంపాను. నాలుగో రోజున ‘ఫైల్ సైజు ఎక్కువైంది, మళ్లీ పంపండి’ అని మెయిల్. ఎవరికి ఫోన్ చేసినా కథంతా మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే. ముందువాళ్లు రాసుకున్న ఒక్క ముక్క కూడా తర్వాతివాళ్ల దగ్గర ఉండదు.

అన్నిటికన్నా బాధపెట్టింది అయిదో ప్రతినిధి మాట. ‘ఇది సర్రియలిస్ట్ పెయింటింగ్ కదండీ, అందులో అన్నీ వింతగానే ఉంటాయి’ అన్నారు. అయ్యా, వింత అంతా బొమ్మలోని వస్తువుల్లో ఉంది, కుంచె పనిలో కాదు. కరిగి జారే గడియారాల్ని డాలీ 1931లో కేవలం 24 × 33 సెం.మీ. కాన్వాస్ మీద, వెంట్రుకంత సన్నటి గీతలతో, ఫోటో అంత స్పష్టంగా వేశాడు. ఆకాశం అద్దంలా నున్నగా ఉంటేనే ఆ గడియారాలు నిజమనిపిస్తాయి. ఆ ఆకాశానికి చారలు పడ్డాక ఇక బొమ్మలో మిగిలేదేముంది? ఈ పెయింటింగ్‌లు అమ్మే సంస్థలో ఈ పాటి తెలిసినవాళ్లు ఒక్కరైనా ఫోన్ దగ్గర ఉండొద్దా?

కాగితం సంగతి కూడా ఉంది. వంద శాతం కాటన్, 310 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 310 గ్రాములు), తెల్లదనం కోసం కలిపే రసాయనాలు లేనిది అని మీ పేజీలో రాశారు. చీకట్లో యూవీ (అతినీలలోహిత) టార్చ్ వేస్తే ఇది వెనకవైపు నీలంగా మెరుస్తోంది, అంటే ఆ రసాయనాలు ఉన్నట్టే. మీ దగ్గరే ఇంతకుముందు తీసుకున్న మూడు ప్రింట్లూ అదే టార్చ్ కింద మెరుపు లేకుండా ఉన్నాయి. ఆ రసాయనాలున్న కాగితం ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తేలుతుంది. దీనిమీద మూడుసార్లు రాశాను. ఒక్కరూ ‘అవును’ అనలేదు, ‘కాదు’ అనలేదు.

చివరికి సూపర్‌వైజర్ గారు దొరికారు. వచ్చిన గొట్టంలోనే చుట్టి తిప్పి పంపమన్నారు. ఆ గొట్టం వ్యాసం 5 సెం.మీ. అంత బిగువుగా మళ్లీ చుడితే ముదురు రంగుల దగ్గర పూత పగిలి పొరలుగా లేస్తుంది, అప్పుడు తప్పు నామీదకే వస్తుంది. వెడల్పు గొట్టం పంపండి అన్నాను. సరేనన్నారు. గొట్టమూ రాలేదు, కొరియర్ మనిషీ రాలేదు. మళ్లీ అడిగితే 14 రోజుల వాపసు గడువు దాటిపోయిందన్నారు! నా ఫిర్యాదు మీకు అందింది రెండో రోజున. గడువు దాటించింది ఎవరు? పోనీ అని 60 × 80 సైజులో తయారుగా ఉన్న ప్రింట్ ఇస్తామన్నారు. మూలచిత్రం కొలతల ప్రకారం 60 ఎత్తుకి 82 వెడల్పు రావాలి. 80లో పట్టించాలంటే అంచులు కోయాలి, లేదా బొమ్మను నొక్కాలి. రెండూ నాకొద్దు.

మూడు ప్రింట్లు కొని, తెలిసినవాళ్లకు మీ పేరు చెప్పిన మనిషిని నేను. తర్వాత మాగ్రిట్ అనే చిత్రకారుడి ‘టైమ్ ట్రాన్స్‌ఫిక్స్‌డ్’ ప్రింట్ తీసుకుందామనుకున్నాను. ఇప్పుడు ఆ ఆలోచన లేదు. ప్రింటింగ్ పని తెలిసిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. నాజిల్ చెక్ చూసుకుని, మాట ఇచ్చిన కాగితం మీద, పూర్తి 82 సెం.మీ. వెడల్పుతో కొత్త ప్రింట్ వేసి, కనీసం 10 సెం.మీ. గొట్టంలో పంపాలి. కుదరదంటే డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వాలి. పది రోజుల్లో ఏదీ జరక్కపోతే కార్డు చెల్లింపు మీద బ్యాంకులో అభ్యంతరం పెడతాను, వినియోగదారుల కోర్టుకూ వెళ్తాను. మీ ఆరుగురు ప్రతినిధుల మెయిళ్లు, చాట్లు అన్నీ తేదీలవారీగా నా దగ్గర ఉన్నాయి.

చారల ఫోటోలు, యూవీ టార్చ్ కింద నాలుగు ప్రింట్ల ఫోటో మళ్లీ జతచేస్తున్నాను. ప్రింట్‌ను చదునుగా పరిచి, పైన యాసిడ్ లేని పల్చటి కాగితం కప్పి ఉంచాను. సరైన గొట్టం వచ్చిన రోజే తిప్పి పంపుతాను.

ఇట్లు,
మీ వినియోగదారు