వేపమాను తల నరికించొద్దు మామా

రేయ్ మామా,

ఎలా ఉన్నారు అంతా? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? సంక్రాంతి కాగానే ఇంటి ముందు వేపమానును సగానికి నరికించి మొండి చేస్తానని నువ్వు ఫోన్‌లో అన్నావు చూడు, అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్‌లో ఇద్దరం గొంతు పెంచుకోవడమే అయింది గానీ చెప్పాల్సింది చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువు.

నీ భయం ఊరికే పుట్టింది కాదు. పోయిన మేలో మీ వీధి చివర తురాయి కొమ్మ విరిగి కారు మీద పడింది కదా. కడపైనా, మా అనంతపురమైనా ఎండాకాలం గాలివాన సంగతి మనకు తెలుసు. పొద్దంతా నిప్పులు కురిపించి, సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు కమ్మి, ముందు దుమ్ము, వెనకాలే గాలి. గంటకు 50 కిలోమీటర్ల ఈదురుగాలులని వాతావరణ శాఖ చెప్తే మనం పెద్దగా పట్టించుకోం. కానీ గాలి వేగం రెండింతలైతే కొమ్మ మీద దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. అన్నాళ్లూ హాయిగా ఊగిన కొమ్మ ఆ పూట ఫట్‌మని విరిగేది అందుకే.

అయితే మొండి చేస్తే ఆ భయం తీరదు, రెండు మూడేళ్లు వాయిదా పడుతుందంతే. నరికిన చోట చుట్టూ గుంపుగా చిగుళ్లు లేస్తాయి. అసలు కొమ్మ మాను లోపలి చేవ దాకా కుదురుకుని ఉంటుంది. ఈ కొత్త కొమ్మలు మాత్రం పైపైన, పట్ట కిందే అతుక్కుని ఉంటాయి. ఆకు లేక ఆకలితో ఉన్న చెట్టు వాటిని ఆగమేఘాల మీద పెంచుతుంది. అవి బారెడు బారెడు సాగి బరువెక్కే సరికి, అడుగున నరికిన మొద్దు ఎండకు పగిలి, వాన నీళ్లు దిగి కుళ్లడం మొదలవుతుంది. కుళ్లిన మొద్దు మీద బరువైన కొమ్మలు! ఇప్పుడున్న చెట్టు కన్నా అది ఎక్కువ ప్రమాదం మామా. మునగ సంగతి వేరు. కాపు అయ్యాక దాన్ని మూడు నాలుగు అడుగులకు నరికినా మళ్లీ కాస్తుంది, ఆ పెళుసు కొమ్మలు మరీ ఎత్తు పోకుండా ఉండడమే మేలు. వేపకు ఆ లెక్క పనికిరాదు.

మరి ఏం చేయాలంటావా? ముందు ఎండు కొమ్మలు తీయించు. కొన్నేళ్ల కిందట వేపలకు కొసలు మాడిపోయే తెగులు వచ్చింది, గుర్తుందా? ఫోమోప్సిస్ అనే బూజు వల్ల అది. చాలా చెట్లు తేరుకున్నాయి గానీ అప్పుడు ఎండిన పుల్లలు కొన్నిటికి ఇంకా పైనే వేలాడుతున్నాయి. గాలికి మొదట రాలేవి అవే. తర్వాత ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో ఒకటి తీయాలి. ఇంటి కప్పు మీదికి సాగిన పొడుగాటి కొమ్మను మధ్యలో ఎక్కడపడితే అక్కడ తుంచొద్దు. దాని నుంచి పక్కకు చీలిన కాస్త లావైన కొమ్మ దగ్గరికి కోయించు, ఆ పక్కకొమ్మే ఇక కొస అవుతుంది. మొత్తం మీద ఒక ఏడాదిలో పచ్చని కొమ్మల్లో పావు వంతుకు మించి పోకూడదు.

చెట్టెక్కే వాళ్లు ఒక పని చేస్తారు, అది నువ్వు దగ్గరుండి ఆపాలి. చేతికందే లోపలి రెమ్మలన్నీ చెక్కేసి, కొసన మాత్రం గుబురు వదిలేస్తారు. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కానీ బరువంతా కొసకు చేరితే కొమ్మ గాలికి గెడకర్రకు కట్టిన కుండలా ఊగి మొదలు దగ్గర విరుగుతుంది. లోపలి రెమ్మలు ఉండాలి, కొసల్లో పలచబడాలి.

ఇక కోసే పద్ధతి. మచ్చుకత్తితో పైనుంచి నరికితే, సగం తెగేసరికి కొమ్మ తన బరువుకే ఒరిగి మాను పట్టను జానెడు మేర చీల్చుకుంటూ కిందికి పోతుంది. ఆ గాయం పూడడం చాలా కష్టం. కాబట్టి రంపం కావాలి, మూడు కోతలు కావాలి. మానుకు అడుగు దూరంలో కొమ్మ అడుగు వైపు నుంచి పైకి మూడో వంతు కోయాలి. ఇంకో రెండంగుళాలు అవతల పైనుంచి కోస్తే కొమ్మ పట్ట చీలకుండా పడిపోతుంది. మిగిలిన మోడును చివర్లో కోయాలి. ఎక్కడ అంటే, కొమ్మ మానులో కలిసే చోట మెడ చుట్టూ ఉబ్బుగా, ముడతలు పడి ఉంటుంది చూడు, ఆ ఉబ్బుకు సరిగ్గా బయట. ఉబ్బును కోసేస్తే గాయం మూసుకోదు, మోడు పొడుగ్గా వదిలినా మూసుకోదు. అమెరికా అటవీ శాఖలో అలెక్స్ షైగో అనే ఆయన వేల చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతి తేల్చాడు. మన ఒంటి మీద గాయం మానినట్టు చెట్టుకు మానదట. పాడైన భాగం చుట్టూ చెట్టు లోపలే గోడలు కట్టుకుని, కుళ్లును అక్కడే ఆపి, పైన కొత్త కట్టె పెంచుకుంటుంది. ఆ గోడకు అవసరమైన సరుకంతా ఆ ఉబ్బులో ఉంటుంది. పైన తారు, పెయింటు పూసినా కుళ్లు ఆగదని కూడా ఆయనే చూపించాడు.

నువ్వనుకున్న సమయం మాత్రం బాగుంది. వేప ఫిబ్రవరిలో ఆకు రాల్చి ఉగాదికి చిగురు వేస్తుంది కాబట్టి, ఆ చిగురుకు ముందే కోస్తే గాయాలు త్వరగా పూడుకుంటాయి. మీ పెరట్లో మామిడిని మాత్రం ఇప్పుడు ముట్టుకోవద్దు, పూత పోతుంది. కాయ దిగాకే దాని పని. కాగితపు పూల తీగ గోడ మీద నుంచి వీధిలోకి వాలుతోందన్నావు, పూత ఒక విడత అయ్యాక దాన్ని గట్టిగానే కత్తిరించొచ్చు, తట్టుకుంటుంది. మందారం, నందివర్ధనం నువ్వే చేసుకోగలవు.

కరెంటు తీగల దగ్గరికి పోయిన కొమ్మల జోలికి ఎవరూ పోవద్దు. 1912కి ఫోన్ చేసి, లైన్ ఆపించాకే ఎవరైనా చెట్టెక్కాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు మామా. తీగల వైపు కోసినప్పుడు రెండో వైపు కూడా కొంచెం పలచన చేయించు. మా వీధిలో ఒక పక్కంతా చెక్కేస్తే కానుగ చెట్టు బరువు ఇంకో పక్కకు పడి ఇప్పటికీ ఒరిగే ఉంది. ఇంకో మాట, మాను చుట్టూ పోయించిన సిమెంటు రెండడుగుల మేరైనా పగలగొట్టించు. వేరుకు నీళ్లూ గాలీ అందకపోతే పైన ఎంత బాగా కోసినా లాభం లేదు. చెట్టు మొత్తం తీసేయాలన్న ఆలోచన వస్తే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి.

నాకు ఇంకా టెన్షన్‌గా ఉన్నది ఒక్కటే. మీ వేపమాను ఆరడుగుల ఎత్తులో రెండుగా చీలుతుంది. ఆ పంగ వెడల్పుగా, గిన్నెలా ఉంటే బలమే. ఇరుకుగా ఉండి, రెండు మానుల మధ్య పట్ట లోపలికి నలిగి గీతలా కనిపిస్తే మాత్రం అక్కడ కట్టె కట్టె కలవలేదని అర్థం, పెద్ద గాలికి నిలువునా చీలేది అక్కడే. స్టూలు వేసుకుని ఆ పంగను దగ్గర నుంచి, రెండు వైపులా ఫోటో తీసి పంపు. గీత ఉంటే చిన్న మాను బరువు ఈ ఏడు కొంత, వచ్చే ఏడు కొంత తగ్గించాలి. ఎవరితో చేయించాలో నేను కనుక్కుంటాను, కనుమ నాడు వచ్చి కూలీతో నేనే మాట్లాడతాను. అప్పటి దాకా ఎవరినీ కత్తి పెట్టనీయకు.

నీ మామ