రెండో నంబర్ గన్ గురించి మీ అందరికీ

అందరికీ నమస్కారం.

పోయిన నెల రెండో ఆదివారం గాజువాకలో మన ఎయిర్ రైఫిల్ రేంజ్‌లో జరిగిన సంగతి మీ చెవిన పడే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలిసింది. పిల్లాడి వేళ్లు విరిగాయని ఒకరు, గన్ పేలిపోయిందని ఇంకొకరు ఫోన్ చేసి అడిగారు. రెండూ నిజం కాదు. పిల్లల్ని నమ్మి నా దగ్గరికి పంపేది మీరు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

ఆ రోజు ఉదయం ఎనిమిదో తరగతి చదివే బాబు ఒకడు రెండో నంబర్ గన్ బారెల్ (గొట్టం) కిందికి వంచి కాక్ చేశాడు, అంటే పిస్టన్‌ను వెనక్కి నెట్టి లోపలి స్ప్రింగ్‌ని నొక్కిపెట్టి కాల్చడానికి సిద్ధం చేశాడు. పిస్టన్ ట్రిగ్గర్ కొక్కేనికి తగులుకున్న చప్పుడు నాక్కూడా వినిపించింది. వాడు పెల్లెట్ (చిన్న సీసపు గుండు) పెట్టబోతుండగా, ట్రిగ్గర్ మీద వేలు లేకుండానే, లోపల పిస్టన్ జారింది. తెరిచి ఉన్న బారెల్ ఒక్కసారిగా పైకి లేచి మూసుకుంది. పెల్లెట్ పెట్టి మూసేదాకా ఎడమ చేత్తో బారెల్ వదలకూడదని మొదటి రోజే నేర్పుతాను కదా, బాబు వదల్లేదు. అందువల్ల అరచేయి కాస్త గీరుకుపోయి ఊరుకుంది. వదిలి ఉంటే కుడిచేతి వేళ్లు సందులో పడేవి. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు చెమటలు పడుతున్నాయి.

బాబు వాళ్ల నాన్నగారు వచ్చి గన్ చూశారు. బట్ (భుజానికి ఆనించే భాగం) మీద అతుకు చూశారు, గురి చూసే ముందు సైట్ చూశారు. "మేస్టారూ, పిల్లలకిచ్చే గన్‌కి సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేసినట్టు అతుకులు వేసి నడిపిస్తున్నారా?" అన్నారు. అప్పుడు నేనేమీ మాట్లాడలేదు. కన్నతండ్రి భయంలో అన్న మాట అది, ఆయన్ని తప్పుపట్టను. కానీ ఆ మాట నాకు తగిలింది. మా నాన్న షిప్‌యార్డులో ఫిట్టర్. ఆకురాయి ఎలా పట్టుకోవాలో నాకు పదేళ్ల వయసులోనే నేర్పారు. నేను వేసిన అతుకుల్లో ఏది మంచిదో, ఏది తప్పో ఆయనకీ మీకూ చెప్పాలి.

రెండో నంబర్ గన్ 2013లో నేను రేంజ్ పెట్టినప్పుడు కొన్నది. మీ పిల్లల్లో సగం మంది మొదటి పెల్లెట్ కాల్చింది దానితోనే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పైరేకులు లేచిపోయి, ఆ గన్ రెండు రోజులు వాననీళ్లలో నానింది. కరెంటు లేని చీకట్లో, కొవ్వొత్తి పెట్టుకుని, మొత్తం విప్పి తుడిచి నూనె రాశాను. ఆ తర్వాత ఒకసారి ఎవరో సిమెంటు నేల మీద పడేస్తే బట్ మెడ దగ్గర చీలింది. చీలిక అడ్డంగా రంధ్రం వేసి, ఇత్తడి కడ్డీ దిగ్గొట్టి, అరల్డైట్ పోసి, రెండు రోజులు క్లాంపులో బిగించి ఉంచాను. ఇవాళ్టికీ వెంట్రుకంత కదల్లేదు. ముందు సైట్ విరిగితే హాక్సా బ్లేడు ముక్కను అరగదీసి కూర్చోబెట్టాను. బారెల్ మూసే చోట గాలి లీకవుతుంటే ఆటోనగర్‌లో హైడ్రాలిక్ సామాన్ల షాపు నుంచి సరైన కొలత ఓ-రింగ్ తెచ్చి వేశాను. సముద్రం గాలికి ఈ ఊళ్లో ఇనుము ఎలా తుప్పు పడుతుందో మీకు తెలుసు. అయినా ఆ బారెల్ లోపల అద్దంలా ఉంది. ఈ పనులకు నేను సిగ్గుపడను, ముందు ముందు కూడా చేస్తాను.

తప్పు జరిగింది స్ప్రింగ్ దగ్గర. అది మొదట నాది కాదు, తర్వాత నాదే అయింది.

ఆరేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర స్ప్రింగులు తెప్పిస్తున్నాను. ఈసారి ఇరవై తెప్పించాను. కొత్తగా వచ్చినప్పుడు కొలిస్తే పొడవు 248 మిల్లీమీటర్లు. రెండో నంబర్‌లో వేసిన రెండు వారాలకి పెల్లెట్లు కిందికి పడటం మొదలైంది. 10 మీటర్ల దూరంలో అర సెంటీమీటరు. అంతేనా అనిపించవచ్చు గానీ, ఆ టార్గెట్‌లో పది పాయింట్లు అంటే అర మిల్లీమీటరు చుక్క. రింగుకీ రింగుకీ మధ్య రెండున్నర మిల్లీమీటర్లే. అర సెంటీమీటరు దిగితే రెండు రింగులు పోయినట్టు. సైట్ సరిచేస్తే మర్నాటికి మళ్లీ కిందికే. పిల్లలు తప్పు తమదనుకుని గుటకలు మింగుతూ మళ్లీ మళ్లీ గురిపెట్టేవాళ్లు. అది చూడలేకపోయాను. విప్పి కొలిస్తే స్ప్రింగ్ 236 మిల్లీమీటర్లే ఉంది. ఉక్కుకి సరిగ్గా టెంపర్ ఇవ్వలేదన్నమాట, అంటే కాల్చి చల్లార్చి గట్టిదనం సరిచేయలేదు. మంచి స్ప్రింగ్ కొత్తలో కొంచెం కుదించుకుని ఆగిపోతుంది, ఇలా దిగుతూ పోదు.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. ఫొటోలు పంపాను, స్కేలు పక్కన పెట్టి తీసి మరీ పంపాను. "మీ దగ్గర పిల్లలు కాక్ చేసి గంటలు గంటలు అలాగే వదిలేస్తున్నారేమో" అన్నాడు. పన్నెండేళ్లలో మన రేంజ్‌లో ఒక్క గన్ కాక్ చేసి పక్కన పెట్టినట్టు చూపించమనండి! ఐదుసార్లు మాట్లాడాను. మార్చి ఇవ్వలేదు, డబ్బులూ తిరిగి రాలేదు. నష్టం పెద్ద సమస్య కాదు. నా పిల్లల మీద నెపం వేశాడే, అది మర్చిపోలేను. ఇక ఆ గుమ్మం తొక్కను.

ఈలోపు స్కూలు పిల్లల పోటీ దగ్గరపడింది. వేరే చోట నుంచి స్ప్రింగ్ రావడానికి పది రోజులన్నారు. అప్పుడు నేను చేసింది ఇది: స్ప్రింగ్ వెనక, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు వాషర్లు రెండు వేశాను. కొంచెం నెట్టి పెట్టినట్టవుతుంది, పోయిన బలం కొంత తిరిగొస్తుంది. పాతవాళ్లందరూ చేసే పనే. పెల్లెట్లు పైకి వచ్చాయి, కానీ పూర్తిగా రాలేదు. శనివారం రాత్రి పదిన్నరకి మూడోది వేశాను.

ఆ మూడో వాషరే కారణం. స్ప్రింగ్ తీగ మందం 3.2 మిల్లీమీటర్లు, చుట్లు 35. చుట్లన్నీ ఒకదానికొకటి ఆనుకునేదాకా నొక్కితే 112 మిల్లీమీటర్లు, అంతకంటే తగ్గదు. గన్ పూర్తిగా కాక్ చేసినప్పుడు లోపల ఉండే జాగా 120. రెండు వాషర్లతో 114 మిగులుతుంది, సరిపోతుంది. మూడింటితో 111. అంటే పిస్టన్ రావాల్సినంత వెనక్కి రాదు, ఒక్క మిల్లీమీటరు ముందే ఆగిపోతుంది. ట్రిగ్గర్ లోపల పిస్టన్‌ను పట్టుకునే కొక్కెం అంచు మీద మాత్రమే తగులుకుంటుంది. చప్పుడు వస్తుంది, పట్టు ఉండదు. ఈ లెక్క నాకు తెలియనిది కాదు. కాగితం మీద నిమిషం పని. ఆ రాత్రి వేయలేదు. సప్లయర్ మీద కోపంతో, మర్నాడు పిల్లల టార్గెట్లు బాగా రావాలన్న తొందరతో బిగించేశాను. పొద్దున్న నేను పదిసార్లు కాక్ చేసి చూశాను, పదిసార్లూ పట్టుకుంది. పదకొండోసారి బాబు చేతిలో జారింది.

ఆ రోజే వాషర్లన్నీ తీసేశాను. తర్వాత వేరే చోట నుంచి మంచి స్ప్రింగ్ తెచ్చి వేసి, కట్టుదిట్టంగా బిగించి, మూడు వందల సార్లు కాక్ చేసి చూశాను. ఒక్కసారీ జారలేదు. "ఇంకేం, బాగుపడింది కదా, లైన్‌లో పెట్టెయ్యండి" అని పాత విద్యార్థులు చాలామంది అన్నారు. ఆ గన్ మీద వాళ్లకున్న ప్రేమ నాకు తెలుసు. మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. లెన్స్ కింద పెట్టి చూస్తే జారినప్పుడు కొక్కెం అంచు గుండ్రబడింది. దాన్ని ఆకురాయితో మళ్లీ పదును చేయడం నాకు చేతకాక కాదు. కానీ ఆ ముక్కకి గట్టిదనం పైపొర వరకే ఉంటుంది. ఆ పొర అరిగిపోతే కింద మెత్తటి ఉక్కు, రెండు నెలల్లో మళ్లీ గుండ్రబడుతుంది. కొత్త ముక్క కొందామంటే ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. లేత్ మీద చేయించి టెంపర్ పెట్టించవచ్చని ఆటోనగర్‌లో ఒకాయన అన్నాడు. ఆయన పనితనం మీద నాకు నమ్మకముంది. అయినా ఆ గన్ పట్టుకునేది పన్నెండేళ్ల పిల్లలు. అందుకే ఒప్పుకోలేదు. రెండో నంబర్ ఇక లైన్‌లోకి రాదు.

ఇకనుంచి స్ప్రింగ్, పిస్టన్, ట్రిగ్గర్ కొక్కెం విషయంలో నా చేతి అతుకు ఉండదు. కంపెనీ ముక్క దొరికితే వేస్తాను, దొరకకపోతే గన్ పక్కన పెడతాను. మీరు రిపేరుకి తెచ్చే గన్లకీ ఇదే. ఇంట్లో ట్రిగ్గర్ అరగదీసి "తేలిగ్గా పేలుతోంది, మిగతాది చూడండి" అని తెస్తే తీసుకోను. లోపల కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోసి తెచ్చేవాళ్లకు మళ్లీ చెబుతున్నాను: గాలి ఒత్తుకున్న వేడికి ఆ నూనె అంటుకుని పొగ, పెద్ద చప్పుడు వస్తాయి. గన్ బలం పెరిగిందని మురిసిపోతారు, సీల్ మాడిపోతుంది. పెద్ద స్ప్రింగ్ వేయమని కూడా అడగొద్దు. లైసెన్సు లేకుండా ఉంచుకునే గన్ 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌల్స్ శక్తి దాటకూడదు. ఆ గీత నేను దాటను.

ఆ ఇరవైలో తొమ్మిది స్ప్రింగులు మీ గన్లలో వేశాను. చివర ఆకుపచ్చ రంగు చుక్క ఉంటుంది. విప్పి చూసుకోవద్దు, నా దగ్గరికి తీసుకురండి, ఉచితంగా మారుస్తాను. కొత్త గన్ ఆర్డర్ పెట్టాను. వచ్చేదాకా చిన్న పిల్లల బ్యాచ్‌లో ఇద్దరికి ఒక గన్ చొప్పున సర్దుకోవాలి. ఫీజు పెంచను.

రెండో నంబర్ బట్ జ్ఞాపకంగా ఇమ్మని ముగ్గురు అడిగారు. ఇవ్వను. పిస్టన్, స్ప్రింగ్ తీసేసి, బారెల్ మూసి బిగించాను. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం భుజానికి ఆనించడం, చెంప పెట్టడం, ఊపిరి బిగపట్టడం దానితోనే నేర్చుకుంటారు. ఆ బాబు మొన్న ఆదివారం వచ్చాడు. ఒకటో నంబర్ తీసుకున్నాడు, పెల్లెట్ పెట్టి మూసేదాకా బారెల్ మీద చెయ్యి తీయలేదు.