ఫార్ములా ఎల్‌జీబీ సీజన్ ముగిసింది: మా కారుకు చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

జాతీయ కార్ రేసింగ్ ఛాంపియన్‌షిప్‌లో ఫార్ములా ఎల్‌జీబీ 1300 విభాగం ఈ సీజన్‌కి పూర్తయింది. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ నుంచి కారు ట్రైలర్ మీద క్షేమంగా బెజవాడ చేరింది. సాయం చేసినవాళ్ళు తమ పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఎవరు ఏ పని చేశారో, అది ఎందుకంత ముఖ్యమో మాత్రం విడమరిచి రాస్తున్నాం. వచ్చే ఏడాది కారు దించాలనుకునే మన కుర్రాళ్ళకి కూడా అక్కరకొస్తుంది.

ఈ విభాగంలో అందరివీ ఒకే రకం కార్లు. డ్రైవర్ వెనక 1300 సీసీ స్విఫ్ట్ ఇంజిన్, అందరికీ ఒకే టైర్లు. ఇంజిన్ బలంతో ముందుకెళదామంటే కుదరదు. 3.717 కిలోమీటర్ల ల్యాప్‌లో దక్కేదీ పోయేదీ సెకనులో పదో వంతులే. అవి బుష్‌లలో (కదిలే పిన్ను చుట్టూ ఉండే చిన్న గొట్టాల్లో), లింకుల్లో, టైరు గాలిలో ఉంటాయి.

ముందుగా ఆటోనగర్ లేత్ మాస్టారికి దండం. ఈ కారులో గేర్ లివర్ డ్రైవర్ పక్కన, గేర్‌బాక్స్ వెనకెక్కడో. రెండింటినీ కలిపే పొడుగాటి రాడ్డు మధ్యలో ఉన్న జాయింట్లు అరిగితే, ఒక్కోదాని దగ్గర అర మిల్లీమీటరు ప్లే (వదులు) కూడా చేతి దగ్గరికొచ్చేసరికి వేలెడు ఆట అవుతుంది. నాలుగు నుంచి మూడుకి దించబోతే లివర్ కాస్త ఎడమకి జారి ఒకటిలో పడుతుంది. అప్పుడు ఇంజిన్‌ని తిప్పేవి చక్రాలు. పెట్రోలు ఆపినా, స్పార్క్ ఆపినా వేగం తగ్గదు, ఇంజిన్ వేగం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ కాపాడలేదు. వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి. మాస్టారు గన్‌మెటల్ బుష్‌లు తిప్పి ఇచ్చారు, పిన్నుకీ బుష్‌కీ మధ్య 0.05 మిల్లీమీటర్ల ఖాళీతో. అంతకన్నా పెద్ద సాయం, పాత పిన్నులు వాడనివ్వకపోవడం. అరిగిన పిన్ను గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. దానికి కొత్త బుష్ వేస్తే ఒక్క రోజులో మళ్ళీ ప్లే వస్తుంది. మైక్రోమీటర్ పెట్టి పిన్ను అటు ఒకసారి, ఇటు ఒకసారి కొలిచి చూపించి మరీ పక్కన పడేశారు.

పక్క టెంటులో ఉన్న కోయంబత్తూరు టీమ్‌కి ఎంత చెప్పినా తక్కువే. పాయింట్లలో మాతో నేరుగా పోటీపడుతూనే ఒక్కో చక్రం మీద ఎంత బరువుందో చూపే తమ కార్నర్ వెయిట్ కాటాలు నాలుగూ ఇచ్చారు. ఆ ఊరివాళ్ళకి ఈ పని కొత్త కాదు. 1980ల చివర్లో కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి కార్లు కట్టిన ఊరది. ఎల్‌జీబీ అన్న పేరు కూడా అక్కడి గొలుసుల కంపెనీ ఎల్.జి. బాలకృష్ణన్ అండ్ బ్రదర్స్‌దే.

కాటాలు ఉంటే సరిపోదు, నేల మట్టంగా ఉండాలి. టీమ్‌లు కార్లు నిలుపుకునే ప్యాడాక్ కాంక్రీటు వాన నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటుంది. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ళ ట్యూబుతో నాలుగు మూలలూ చూసి, పల్లంగా ఉన్న కాటా కింద వినైల్ ముక్కలు పేర్చాలి. టైర్ల గాలి రేసుకి పెట్టేంత ఉండాలి, మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ లింకులు ఊడదీయాలి, డ్రైవర్ హెల్మెట్‌తో సహా కూర్చోవాలి. ముందు కుడి, వెనక ఎడమ బరువులు కూడి మొత్తంతో భాగిస్తే 50 శాతం రావాలి. సస్పెన్షన్ సర్దుబాటు తిప్పి ఒక మూల ఎత్తితే ఆ మూలకీ, దాని ఐమూలగా ఉన్న చక్రానికీ బరువు పెరుగుతుంది. కాబట్టి ఒక్క చోటే తిప్పకుండా, ఐమూలగా ఉన్న రెండు మూలలు పావు చుట్టు పైకి, మిగతా రెండు మూలలు పావు చుట్టు కిందకి తిప్పితే కారు ఎత్తు మారదు. తిప్పిన ప్రతిసారీ కారును దింపి ముందుకీ వెనక్కీ తోసి మళ్ళీ కాటా ఎక్కించాలి. లేకపోతే టైర్లు పక్కకి బిగుసుకుని తప్పు లెక్క చూపిస్తాయి. ఇదంతా ఆ టీమ్ చీఫ్ మెకానిక్ అన్న రాత్రి పదింటిదాకా కూర్చుని దగ్గరుండి చేయించారు.

టైర్ల మీద ఎండ పడకుండా టార్పాలిన్ పట్టుకుని నిలబడ్డ ఇంజనీరింగ్ కాలేజీ తమ్ముళ్ళకి థాంక్స్. చిన్న పని అనుకోకండి. 20 పీఎస్‌ఐ ఉన్న టైరు 10 డిగ్రీలు వేడెక్కితే గాలి ఒక పీఎస్‌ఐకి పైగా పెరుగుతుంది. ఎండ పడుతున్న వైపు టైర్లని నీడ వైపు వాటితో సమానం చేస్తే, ట్రాక్ మీదికి వెళ్ళాక అవి తక్కువ గాలితో తిరుగుతాయి. గాలి చూసే అరగంట ముందు నుంచీ నాలుగూ నీడలో ఉండాలి, గేజ్ మారకూడదు.

ట్రాక్ పక్కన ఉండి ఆగిన కార్లని తీసే మార్షల్స్ అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాం. వీళ్ళు స్వచ్ఛందంగా ఎండలో రోజంతా నిలబడేవాళ్ళు. బయటికి చక్రాలున్న కార్లలో భయమంతా చక్రానికి చక్రం తగలడంలోనే. ముందున్న కారు వెనక టైరు వెనకవైపు ఎప్పుడూ పైకి తిరుగుతుంటుంది. వెనకొచ్చే కారు ముందు టైరు దానికి ఆనిందంటే మెట్టెక్కినట్టు పైకి లేచిపోతుంది. అలా తగిలి ఆగిన మా కారును మార్షల్స్ ముక్కు పట్టుకుని లాగలేదు, సస్పెన్షన్ గొట్టాలకి తాడు కట్టలేదు. డ్రైవర్ తల వెనక కమానులా ఉండే రోల్ హూప్‌కి బెల్టు వేసి నిటారుగా లేపారు. అందుకే దెబ్బ ఒక్క మూలతోనే ఆగింది. ఊడిన ముక్కలు ఏరి తెచ్చారు, ఏ వైపు నుంచి తగిలిందో కూడా చెప్పారు. ఎక్కడ వెతకాలో తెలిసింది.

దెబ్బ తిన్న మూలలో కంటికి బాగానే కనిపించే గొట్టాన్ని నమ్మకూడదు. చక్రం కదలికని స్ప్రింగ్‌కి చేర్చే పుష్‌రాడ్ ఊడదీసి మందపాటి గాజు పలక మీద దొర్లిస్తే, వంపు ఉన్నచోట కింద వెలుతురు కనిపిస్తూ మాయమవుతుంది. వెల్డింగ్ దగ్గర రంగు సన్నగా పగిలి ఉంటే లోపల లోహం కదిలినట్టే. ఎన్‌డీటీ (భాగం పాడవకుండా పగుళ్ళు పట్టే పరీక్ష) పని తెలిసిన ఒక సోదరుడు తన కిట్ తెచ్చి, చక్రాన్ని కారుకి పట్టి ఉంచే విష్‌బోన్ల వెల్డ్‌లన్నీ చూశారు. శుభ్రం చేసి ఎర్ర ద్రవం కొట్టి, పది నిమిషాలాగి తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టాలి. పగులుంటే తెల్లటి మీద వెంట్రుకంత ఎర్ర గీత తేలుతుంది. ఒకచోట తేలింది. విడి విష్‌బోన్ ఇచ్చిన చెన్నై టీమ్‌కి రుణపడి ఉన్నాం, కొత్తది కట్టించి పంపుతున్నాం. విష్‌బోన్ మారిస్తే క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో) ముందు, టో (చక్రం ముందు భాగం లోపలికో బయటికో ఎంత తిరిగిందో) తర్వాత సరిచేయాలి. వరస తిరగేస్తే టో పని రెండోసారి చేయాల్సిందే.

రేసుకి ముందు కార్లు తనిఖీ చేసే స్క్రూటినీ అధికారులకి కూడా కృతజ్ఞతలు. సీటు బెల్టు లేబుల్ మీద గడువు తేదీ దగ్గరపడిందని ముందు రోజే చెప్పబట్టి కొత్తది తెప్పించుకునే వ్యవధి దొరికింది.

బ్రేక్ ఆయిల్ సీసాలు పంపిన గుంటూరు అన్నకి ధన్యవాదాలు. మూత తీసిన సీసా దాచుకోకూడదు, మన కోస్తా తేమకి నీళ్ళు పీల్చుకుని వేడికి మరిగి పెడల్ మెత్తబడుతుంది. ముందు బ్రేకులకీ వెనక బ్రేకులకీ వేరే మాస్టర్ సిలిండర్లు (పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసేవి) కాబట్టి బ్రేక్ గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు ముందొక నిపుల్, వెనకొక నిపుల్ ఒకేసారి వదలాలి. ఒక్కటే వదిలితే పెడల్ ఒత్తిడిని రెండింటికీ పంచే బ్యాలెన్స్ బార్ ఒక పక్కకి వాలి, పెడల్ పూర్తిగా కిందకి రాదు.

నెల్లూరు దాటాక అర్ధరాత్రి ట్రైలర్ బేరింగ్ మార్చి, డబ్బులు పుచ్చుకోని హైవే మెకానిక్ గారికి, ప్రతి రౌండ్‌కీ పులిహోర, పెరుగన్నం కట్టి పంపిన ఇంట్లోవాళ్ళకి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

సామాన్లు సర్దుతుంటే మావి కానివి కొన్ని కనిపించాయి: ఎర్ర పిడి టార్క్ రెంచ్ ఒకటి, 17 నంబర్ రింగ్ స్పానర్లు రెండు, నీలం టార్పాలిన్, పసుపు లిఫ్టింగ్ బెల్టు. ఎవరివో చెప్పండి, ఈ వారంలోనే లారీ పార్శిల్‌లో వేస్తాం.