కిక్ డ్రమ్ములో అమ్మ బొంత

ఒరేయ్ మామా,

మూడు రోజులుగా నీ మెసేజ్‌కి జవాబివ్వలేదని అలిగావని తెలుసు. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో జోకులేస్తావు, నేను అసలు సంగతి మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. టీ పెట్టుకుని చదువు.

డ్రమ్స్ రికార్డింగ్ అయిపోయింది. రెండు రోజులు, నాలుగు పాటలు. "ల్యాప్‌టాప్‌లో నాలుగు బటన్లు నొక్కితే వచ్చే డ్రమ్స్‌కి అంత డబ్బు తగలెయ్యాలా" అన్నావు కదా. నిజం చెప్పనా, మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి నేనూ అదే అనుకున్నా. పొద్దున తొమ్మిదికి కిట్ దింపాం. రెండైనా ఒక్క దెబ్బ రికార్డు కాలేదు. అద్దె మీటరు మాత్రం ఆటోలో తిరిగినట్టు తిరుగుతోంది.

స్టూడియో ఫిల్మ్‌నగర్ వైపు ఒక సందులో, పాత బిల్డింగ్ రెండో అంతస్తు. బయటి నుంచి చూస్తే ట్యూషన్ సెంటర్ అనుకుంటావు. లోపలికెళ్తే చెక్క నేల, ఎత్తైన సీలింగు, రెండు పొరల అద్దం అవతల కంట్రోల్ రూమ్. తలుపు మూశారంటే చెవుల్లో దూది పెట్టినట్టుంటుంది. ఇంజినీరు సార్‌కి అరవై దాటి ఉంటాయి. కుర్రతనంలో మద్రాసు స్టూడియోల్లో అసిస్టెంటుగా పనిచేశారట. హాల్లో ఆర్కెస్ట్రా మొత్తం ఒకేసారి వాయించేదనీ, చివరి చరణంలో ఒక వయొలిన్ తప్పితే అందరూ మళ్లీ మొదటి నుంచీ అనీ చెప్పారు. అలాంటి మనిషి ముందు నా కిట్ పెట్టుకుని కూర్చున్నా. టెన్షన్ అంటే అదీ.

ఆయన మైకుల జోలికే వెళ్లలేదు మొదట. స్నేర్ మీద, అదే అడుగున స్ప్రింగులుండే డ్రమ్ము మీద, రెండుసార్లు వేలితో తట్టి, "బాబూ, ఈ స్కిన్ ఎప్పుడు మార్చావు?" అన్నారు. నేను నీళ్లు నమిలాను. నీకు తెలుసుగా, పోయిన వినాయక చవితి ప్రోగ్రాం కంటే ముందుది అది. పాత స్కిన్‌ని ఏ మైకూ కొత్తది చెయ్యలేదని, కొత్తవి తెప్పించి పైవీ కిందవీ అన్నీ మార్పించారు. మన 14 అంగుళాల స్నేర్‌కి చుట్టూ 10 బోల్టులు. కారు టైరు నట్లు బిగించినట్టే, ఒకటి తిప్పితే తర్వాత దాని ఎదురుది. ప్రతి బోల్టు దగ్గరా తట్టి, అన్నిచోట్లా ఒకే స్వరం పలికేదాకా వదల్లేదు. నేను ఇన్నేళ్లూ చేసింది శ్రుతి కాదురా, గట్టిగా ఉందా లేదా అని చూడటమే.

తర్వాత కిక్, కాలి పెడల్‌తో వాయించే పెద్ద డ్రమ్ము. దెబ్బ వేస్తే "బొయ్‌య్‌య్" అని సాగుతోంది. లోపల ఏదైనా మెత్తటిది కుక్కాలి. నేను ముందే ఊహించి ఇంటి నుంచి అమ్మ కుట్టిన బొంత పట్టుకెళ్లా, ఆ పాత చీరలది. దాన్ని మడిచి లోపల పరిచి, వెనక స్కిన్‌కి కాస్త తగిలేలా పెట్టాం. "ధబ్" అని కూర్చుంది. సార్ నవ్వి, 1966లో లండన్ ఈఎంఐ స్టూడియోలో జెఫ్ ఎమెరిక్ అనే కుర్ర ఇంజినీరు బీటిల్స్ డ్రమ్మరు రింగో స్టార్ కిక్‌లో ఉన్ని స్వెట్టర్ కుక్కి, మైకుని బాగా దగ్గరికి జరిపాడని చెప్పారు. అంటే మా అమ్మ బొంతకి పెద్ద వంశమే ఉంది.

ఇక మైకులు. మొత్తం 11. కిక్ లోపల ఒకటి, బయట ఒకటి. స్నేర్ పైన ఎస్‌ఎం 57 అనే మైకు, కింద స్ప్రింగుల చప్పుడుకి ఇంకొకటి. హై హ్యాట్‌కి, అంటే ఒకదాని మీద ఒకటి ఉండే ఆ జంట రేకులకి, ఒకటి. రెండు టామ్ డ్రమ్ములకి రెండు సెన్‌హైజర్ 421 మైకులు. తల మీద ఓవర్‌హెడ్లు రెండు, దూరంగా గది మూలల్లో రెండు. ఓవర్‌హెడ్లు పెట్టేటప్పుడు ఆయన జేబులోంచి ఏం తీశారో చెప్పుకో. పురికొస! ఒక కొస స్నేర్ నడిమధ్యన నన్ను పట్టుకోమని, రెండో కొస ఎడమ మైకుదాకా లాగి ముడి వేశారు. అదే పొడవు కుడి మైకుకీ సరిపోయేలా స్టాండు జరిపారు. శబ్దం ఒక అడుగు దాటడానికి ఇంచుమించు ఒక మిల్లీసెకను. ఒక మైకు రెండడుగులు దూరంగా ఉంటే స్నేర్ దానికి రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వినేటప్పుడు నడిమధ్య నుంచి రావాల్సిన దెబ్బ పక్కకి లాగేస్తుంది, రెండూ కలిపితే పల్చబడుతుంది. లక్షలు పోసి కొన్న మైకులకి కొలబద్ద కిరాణా కొట్టు పురికొస.

ఫేజ్ గురించి నువ్వు ఎప్పుడో అడిగావు, నేను తెలిసినట్టు తలూపాను. ఇప్పుడు నిజంగా తెలిసింది, విను. కర్ర పడగానే స్నేర్ స్కిన్ కిందికి పోతుంది, అంటే పై మైకుకి దూరంగా. అదే క్షణంలో కింది స్కిన్ కింది మైకు వైపు వస్తుంది. ఒకే దెబ్బ, కానీ రెండు మైకులూ ఒకదానికొకటి తలకిందులుగా వింటున్నాయి. ఉయ్యాలని ఒకడు తోస్తుంటే ఇంకొకడు ఎదురుగా నిలబడి ఆపినట్టు. రెండూ కలిపి వినిపించారు, నా స్నేర్ అట్టపెట్టెలా ఉంది. ఒక్క బటన్ నొక్కి కింది మైకుని తిరగేశారు. మామా, స్నేర్‌కి పొట్ట వచ్చింది! వేరే మాట దొరకట్లేదు నాకు.

సౌండ్‌చెక్‌లో నా లెవెల్ చూసి, దానికంటే బాగా తగ్గించి పెట్టారు. ఎందుకు సార్ అంటే, "సౌండ్‌చెక్‌లో అందరూ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు వాయిస్తారు. పాట మొదలయ్యాక కదా అసలు మనిషి బయటికొచ్చేది" అన్నారు. అలాగే జరిగింది. మొదటి టేక్ కోరస్‌లో నేను వీరంగం ఆడాను.

టేక్ అయ్యాక చాలా గొప్పగా కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లా. ఆయన అన్ని మైకులూ ఆపేసి తల మీద రెండు మాత్రమే వినిపించారు. ఒరేయ్, ఏముందనుకున్నావ్? హై హ్యాట్. అంతా హై హ్యాటే. రేకుల షెడ్డు మీద వడగళ్ల వాన. దాని వెనక ఎక్కడో స్నేర్, ఇంకా వెనక పక్కింట్లో మంచం జరిపినట్టు కిక్.

"మిక్సింగ్‌లో హ్యాట్ తగ్గించొచ్చు కదా సార్" అన్నా. ఆయన మాట్లాడకుండా స్నేర్ మైకు ఒక్కటే పెట్టారు. అందులోనూ హ్యాట్. టామ్ మైకులోనూ హ్యాట్. "నేను స్నేర్ పెంచితే నీ హ్యాట్ కూడా దాని చెయ్యి పట్టుకుని వస్తుంది. డ్రమ్స్ మిక్సింగ్ నేను చెయ్యను బాబూ. అక్కడ కూర్చుని నువ్వే చెయ్యాలి, నీ చేతుల్తో."

నాకు కాస్త కోపం వచ్చిందిలే. పదిహేనేళ్ల నుంచి వాయిస్తున్నా, హ్యాట్ వాయించే కుడి చెయ్యి ఎంత కొట్టాలో ఇప్పుడు నేర్చుకోవాలా అని. కానీ ఆలోచిస్తే మనం వాయించినవన్నీ మండపాలూ కాలేజీ ఫెస్టులే కదా. అక్కడ నీ బేస్ గిటార్ ఆంప్ మీద నుంచి వినపడాలంటే బాదాల్సిందే. ల్యాప్‌టాప్‌లో అయితే హ్యాట్‌కి విడిగా ఒక మీట, స్నేర్‌కి ఒక మీట, ఎవరి గదిలో వాళ్లుంటారు. ఇక్కడ అందరూ ఉమ్మడి కుటుంబం. ఒకడు అరిస్తే పదకొండు మైకులకీ వినబడుతుంది. నీ ప్రశ్నకి నా జవాబు కూడా ఇదే. డబ్బు పెట్టి నేను కొనుక్కున్నది ఆ రెండు మైకుల్లో నా అసలు వాయింపు వినడం.

ఆ తర్వాత గంటన్నర ఏ టేకూ లేదు. హెడ్‌ఫోన్‌లో లయ చెప్పే క్లిక్ పెట్టుకుని కుడి చెయ్యి మెల్లగా, ఎడమ చెయ్యి గట్టిగా, అదే గ్రూవ్ మళ్లీ మళ్లీ. ఎడమ చెయ్యి గట్టిగా వెయ్యగానే కుడిది కూడా లేస్తుంది, పంతానికి పోయిన తోడికోడళ్లలా. మధ్యలో సార్ కంట్రోల్ రూమ్ నుంచి టాక్‌బ్యాక్ మైకులో "కాలప్రమాణం పరుగెడుతోంది, ఊపిరి తీసుకో" అంటారు. చివరికి మూడో పాట దగ్గర కుదిరింది. ఓవర్‌హెడ్లు రెండే వింటుంటే పాట పాటలా ఉంది. మిగతా మైకులు పోపు వేసినట్టు, అంతే. మొదటి రెండు పాటలూ రెండో రోజు మళ్లీ వాయించేశాను.

చిల్లర గొడవలు బోలెడు. పెడల్ కిర్రుమంటోందని కిక్ లోపలి మైకు పట్టేసింది, స్టేజీ మీద నాకెప్పుడూ వినపడలేదు. కింద టైలర్ దగ్గర్నుంచి కుట్టుమిషన్ నూనె తెప్పించాం. ఇంకో పాట చివర్లో క్రాష్ రేకు మోగి మోగి ఆరిపోతుండగా నా హెడ్‌ఫోన్‌లోంచి క్లిక్ "టిక్ టిక్" అని బయటికి కారి ఓవర్‌హెడ్లలో పడింది. అప్పటి నుంచీ పాట ముగింపులో క్లిక్ ఆపేశారు.

జానపదం పాటకి డప్పు పెడదామన్నాం కదా. సిద్దిపేట వైపు నుంచి ఒక అన్న వచ్చాడు, తోలు డప్పుతో. నా 11 మైకులకి ఐదు గంటలు పట్టింది. అన్నకి నాలుగడుగుల దూరంలో ఒక్క మైకు, పది నిమిషాలు. డప్పు మీద చిర్ర పుల్ల పడగానే కంట్రోల్ రూమ్‌లో సార్ కుర్చీలోంచి లేచారు. కానీ డప్పుని మంటకి కాచాలి కదా, లేకపోతే పలకదు. స్టూడియోలో నిప్పా! పార్కింగ్‌లో అట్టముక్కలు పోగేసి మంట పెడితే వాచ్‌మన్ లబలబలాడాడు. కాచి పైకి తెస్తే ఏసీ చల్లదనానికి పావుగంటలో తోలు మళ్లీ వదులు. మళ్లీ కిందికి. అలా నాలుగుసార్లు. చివరికి ఏసీ ఆపేసి చెమటలు కారుతూ వాయించాం. టేక్ అద్భుతం, నువ్వే వింటావుగా.

చివరి పాటకి నాకో పిచ్చి కోరిక పుట్టింది. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మరు జాన్ బోనమ్ డ్రమ్స్‌ని ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత బంగళాలో, మెట్ల కింద హాల్లో పెట్టి పైనుంచి రెండు మైకులతో పట్టారని ఎప్పటి నుంచో చెబుతుంటా కదా. మనమూ మెట్ల దగ్గర ఒక మైకు పెడదాం సార్ అన్నా. పాపం ఒప్పుకుని, తలుపు తెరిచి పెట్టించారు. గది రెట్టింపు అయినట్టుంది, నిజం. అయితే ఆ బిల్డింగ్‌లోది పాత లిఫ్టు. బ్రహ్మాండంగా సాగుతున్న టేక్‌లో, బ్రేక్ ఇచ్చి అందరం ఆగిన ఒకే ఒక్క క్షణంలో, ఆడగొంతు: "ప్లీజ్ క్లోజ్ ది డోర్." తాళంలోనే పడింది మామా, సరిగ్గా నాలుగో బీట్ మీద. సార్ తీసేద్దామన్నారు. నేనొద్దన్నాను.

రాత్రికి ఫైల్ పంపిస్తున్నా. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, నువ్వు వేరే సెట్టింగ్‌లో తెరిచి స్పీడు మారిందని నన్ను తిట్టకు. తాత్కాలికంగా వేసిన గైడ్ ట్రాక్‌లో బేస్ మన కీబోర్డువాడు ఎడంచేత్తో వాయించాడు, దాన్ని పట్టించుకోవద్దు. ఆదివారంలోపు నీ బేస్ వేసి పంపు. ముఖ్యంగా మూడో పాటలో కిక్‌తో కలిసి కూర్చో, అక్కడ నేను చాలా తక్కువ వాయించాను, చోటంతా నీదే.

ఇంకొక సంగతి. బొంత స్టూడియోలోనే మర్చిపోయాను. సార్ దాన్ని వేరేవాళ్ల కిక్‌లో కూడా వాడేసుకుంటున్నారట, అడగడానికి మొహమాటంగా ఉంది. అమ్మ అడిగితే, నువ్వు వచ్చినప్పుడు బెంగళూరు చలికని పట్టుకెళ్లావని చెప్పేశా. ఫోన్ చేస్తుంది. మాట మార్చకు.

నీ
డ్రమ్ములోడు