పన్ను మన ఇష్టమా?

సంపాదకులకు నమస్కారం.

‘ఎవరి లెక్క వాళ్లే వేసుకుని కడుతున్నాం కాబట్టి పన్ను స్వచ్ఛందమే’ అనే వాదన మా అమలాపురం టీ కొట్ల దగ్గర కూడా వినిపిస్తోంది. ఆ కొట్ల దగ్గర చేరే కుర్రాళ్లే పంక్ అనే రాక్ సంగీతం మీదా వాదించుకుంటారు. 1974లో న్యూయార్క్‌లో మొదలైన రామోన్స్ బృందానిదే అసలు పంక్ అని ఒకడు, దాన్నుంచే పుట్టిన ఇంకా వేగమైన హార్డ్‌కోర్‌ను అందులో కలపొద్దని ఇంకొకడు. సరదాగానే ఉంటుంది. అది ఎటు తేలినా ఎవరి ఇంటికీ నోటీసు రాదు. పన్ను సంగతి వేరు.

రిటర్ను మనమే నింపుతాం, నిజమే. అంతమాత్రాన కట్టడం, మానడం మన చేతిలో లేదు. చట్టం అనుమతి లేకుండా ఏ పన్నూ వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతోంది. పన్నంటే నిర్బంధ వసూలేనని 1954లో శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

మా కాలువనే చూడండి. గుర్రపుడెక్క తీయించడానికి ఆయకట్టు రైతులం తలా కొంత వేసుకుంటాం. ఇవ్వనివాడిని గట్టు మీద నాలుగు మాటలంటారు, అంతే. నీటి తీరువా అలా కాదు. ఎగ్గొడితే భూమి శిస్తు బకాయి కింద వసూలు చేస్తారు. శివారు చేలవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

నిర్బంధమని నేను తప్పుపట్టడం లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలువలు చందాలతో నడవవు. కానీ బలవంతంగా తీసుకున్నప్పుడు లెక్క చెప్పాలి. వసూలైన తీరువాలో మురుగు కాలువల పూడికతీతకు ఎంత ఖర్చయిందో ఏటా పంచాయతీ బోర్డు మీద రాయించాలి.

— ఒక రైతు, అమలాపురం